కూలింగ్ ప్యాడ్ కొనే ముందు: మీ ల్యాప్‌టాప్‌లో వేడి ఎక్కడ ఆగిపోతోంది?

ఏప్రిల్ సగం దాటిందంటే చాలు, హన్మకొండలో ఇంజినీరింగ్ పిల్లల దగ్గర్నుంచి ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసేవాళ్ల దాకా అందరూ అడిగేది ఒకటే. "అన్నా, కీబోర్డు మీద చెయ్యి పెట్టలేకపోతున్న, కూలింగ్ ప్యాడ్ కొంటే ఏమన్నా తగ్గుతదా?" ల్యాప్‌టాప్ కింద పెట్టుకునే ఈ ఫ్యాన్ల పలక ఆన్‌లైన్‌లో చూస్తే అయిదారు వందలకీ దొరుకుతోంది, పదివేలకీ దొరుకుతోంది. రివ్యూలు చదివితే ఒకాయన పదిహేను డిగ్రీలు తగ్గిందంటాడు, ఇంకొకాయన అదే ప్యాడ్‌కి ఒక్క స్టార్ ఇచ్చి డబ్బులు దండగ అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. ఎందుకంటే ప్యాడ్ పని చేస్తుందా లేదా అన్నది ప్యాడ్‌ని బట్టి కొంతే తేలుతుంది, మిగతాదంతా మీ ల్యాప్‌టాప్‌లో వేడి బయటికి వచ్చే దారిలో ఎక్కడ ఇరుక్కుందన్న దాన్ని బట్టే ఉంటుంది.

ముందు ఆ దారి చూద్దాం, ఇది అర్థమైతే సగం సమస్య తీరినట్టే.

ల్యాప్‌టాప్‌లో వేడి ముఖ్యంగా రెండు చోట్ల పుడుతుంది, ప్రాసెసర్‌లో, గ్రాఫిక్స్ చిప్‌లో. సన్నటి ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో వాడే ప్రాసెసర్లలో చాలావాటికి కంపెనీ చెప్పే బేస్ పవర్ 15 వాట్లు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలోని హెచ్ సిరీస్ వాటికి 45 వాట్లు. పని ఎక్కువైనప్పుడు కాసేపు అంతకన్నా చాలా పైకి కూడా పోతాయి. పెద్ద గేమింగ్ మోడళ్లలో అయితే గ్రాఫిక్స్ చిప్ ఒక్కటే వంద వాట్లు దాటుతుంది. ఇంత వేడీ పుట్టేది చిన్న సిలికాన్ ముక్కలో. అక్కణ్నుంచి అది థర్మల్ పేస్ట్ (చిప్‌కీ రాగికీ మధ్య వేడి దాటడానికి పూసే మెత్తటి పదార్థం) గుండా రాగి పలకలోకి, ఆ పలకకి అతికించిన హీట్ పైపులోకి వెళ్తుంది. ఆ రాగి పైపు లోపల కొద్దిపాటి నీళ్లుంటాయి, అవి వేడి దగ్గర ఆవిరై చల్లగా ఉన్న చివరకి పోయి మళ్లీ నీళ్లై పైపు లోపలి గరుకు పొరను పట్టుకుని వెనక్కి వస్తుంటాయి. ఆ చల్లటి చివర దగ్గర పల్చటి రేకులు వరసగా ఉంటాయి, వాటినే ఫిన్స్ అంటారు. కింది బెజ్జాల్లోంచి లోపలి ఫ్యాన్ గాలి లాగి ఈ రేకుల మధ్య నుంచి తోస్తే వేడి గాలి వెనక నుంచో పక్క నుంచో బయటికి వస్తుంది.

ఇంత దారిలో కూలింగ్ ప్యాడ్ వచ్చి చేరేది ఒక్క చోటే, కింది బెజ్జాల దగ్గర. పేస్ట్ ఎండిపోతే అది ఏమీ చేయలేదు. రేకుల్లో దుమ్ము అడ్డం పడితే ఏమీ చేయలేదు. లోపలి ఫ్యాన్‌కి గాలి చాలకపోతే మాత్రం, ఆ గాలి అందించడమే దాని పని కాబట్టి, అక్కడ నిజంగా ఉపయోగపడుతుంది.

ఇంకో మాట, చాలామంది పొరబడేది ఇక్కడే. ఫ్యాన్ కింద కూర్చుంటే మనకి చల్లగా ఉంటుంది కాబట్టి ల్యాప్‌టాప్‌కి కూడా ఫ్యాన్ పెడితే చల్లబడుతుందని అనుకుంటాం. మనకి చెమట పడుతుంది, ఆ చెమట ఆరుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది, అందుకని గాలి వేడిగా ఉన్నా మనకి హాయి తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌కి చెమట పట్టదు. ఫ్యాన్ గాలిని జరుపుతుందే తప్ప దాని ఉష్ణోగ్రత తగ్గించదు. గదిలో గాలి 41 డిగ్రీలుంటే ప్యాడ్ నుంచి వచ్చే గాలి కూడా 41 డిగ్రీలే, ఎన్ని ఫ్యాన్లున్నా, ఎన్ని రంగుల లైట్లున్నా అంతే.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో రామగుండం, కరీంనగర్, వరంగల్ వైపు 44, 45 డిగ్రీలు కొడుతుంటే గది లోపల గాలి ఎంతుంటుందో ఒకసారి థర్మామీటర్ పెట్టి చూడండి. ముఖ్యంగా పై అంతస్తు రూములు. నయీంనగర్, కాజీపేట చుట్టుపక్కల పిల్లలు అద్దెకుండే డాబా మీది గదుల్లో స్లాబ్ పగలంతా ఎండ తాగి రాత్రి పది గంటలకి కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. ల్యాప్‌టాప్ తయారుచేసే కంపెనీలు మాత్రం ఇంకో వాతావరణం దృష్టిలో పెట్టుకుని చేస్తాయి. మ్యాక్‌బుక్‌ని 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని ఆపిల్ చెబుతుంది, చాలా విండోస్ ల్యాప్‌టాప్‌ల స్పెసిఫికేషన్లలో కూడా పై హద్దు 35 అనే రాసి ఉంటుంది. అంటే మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో మనం వాడే ల్యాప్‌టాప్‌లలో చాలావరకు కంపెనీ గీసిన గీత దాటే పని చేస్తున్నాయి.

లెక్క సులభం. ఒకే పనికి, ఒకే ఫ్యాన్ వేగానికి, చిప్ గది ఉష్ణోగ్రత కన్నా ఎన్ని డిగ్రీలు పైకి పోతుందన్నది దాదాపు మారదు. చలికాలంలో 26 డిగ్రీల గదిలో చిప్ 81 దగ్గర ఆగిందనుకోండి, తేడా 55. అదే పని 41 డిగ్రీల గదిలో చేస్తే 96 చూపించాలి. కానీ కొన్ని ప్రాసెసర్లు అంతదాకా పోనివ్వవు, మిగతావి ఇంకొంచెం పైకి పోగానే పట్టుకుంటాయి. ఎందుకంటే ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీలు, ఏఎండీ వాటికి మోడల్‌ని బట్టి 95 నుంచి 105. ఆ హద్దు దగ్గరికి రాగానే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. డిసెంబర్‌లో చకచకా నడిచిన మెషీన్ మే నెలలో ఈడుస్తోందంటే వైరస్ పట్టిందనో పాతబడిందనో కాదు, ముందు అనుమానించాల్సింది దీన్నే.

అందుకే మన దగ్గర అన్నిటికన్నా పెద్ద కూలింగ్ ప్యాడ్ గది అంటాను. ఇంట్లో నీళ్ల కూలర్ ఉందా? మన ఎండాకాలం పొడిగా ఉంటుంది, గాలిలో తేమ తక్కువ, కాబట్టి గడ్డి మీద కారే నీళ్లు బాగా ఆవిరై గాలి నిజంగానే చల్లబడుతుంది. కిటికీ దగ్గర పెట్టి బయటి గాలి లాగేలా చూసి, ఎదురుగా తలుపో కిటికీయో తెరిచి ఉంచితే గది పది డిగ్రీల దాకా దిగే రోజులుంటాయి. గది పది డిగ్రీలు దిగితే చిప్ కూడా సుమారుగా అంత దిగుతుంది. అయిదారు వందల ప్యాడ్ అంత తగ్గించలేదు. కిటికీలన్నీ మూసి కూలర్ వేస్తే మాత్రం కాసేపటికే తేమ నిండి కూలర్ పని చేయడం మానేస్తుంది. తేమ వల్ల ల్యాప్‌టాప్ పాడవుతుందని కొందరు భయపడతారు, నడుస్తున్న మెషీన్ చుట్టూ ఉన్న గాలి కన్నా వేడిగానే ఉంటుంది కాబట్టి దాని మీద నీరు పట్టదు. కూలర్ నుంచి నీటి తుంపరలు నేరుగా పడేంత దగ్గర్లో పెట్టకపోతే చాలు. వానలు మొదలయ్యాక కూలర్ పనికిరాదు, కానీ అప్పటికి గదే తనంతట తాను చల్లబడుతుంది.

ఇల్లు సొంతమైతే డాబా మీద తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేయించడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఈ వేడి గురించే. ల్యాప్‌టాప్ కోసం డాబాకి రంగు వేయిస్తారా అంటే, ల్యాప్‌టాప్ కన్నా ముందు ఆ గదిలో పడుకునే మనుషుల కోసం వేయించాలి.

సరే, ప్యాడ్‌ల దగ్గరికి వద్దాం. ఎక్కువగా అమ్ముడుపోయేవి పైన జాలీ, కింద రెండో అయిదో ఫ్యాన్లు ఉండి యూఎస్‌బీతో నడిచేవి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. యూఎస్‌బీ 3.0 అయితే నాలుగున్నర. ఆ కాస్త కరెంటుతో అన్ని ఫ్యాన్లూ తిరగాలి, లైట్లూ వెలగాలి. అందుకని ఆ ఫ్యాన్లు పెద్దవిగా కనిపించినా మెల్లగా తిరుగుతాయి, గాలి వస్తుంది గానీ తోపు ఉండదు. ల్యాప్‌టాప్ కింద సన్నటి బెజ్జాలు, వాటి లోపల దుమ్ము ఆపే జాలీ, ఇంత ఇరుకులోంచి గాలి లోపలికి పోవాలంటే తోపు కావాలి. లేనప్పుడు గాలి అడుగు పలకకి తగిలి పక్కలకి జారిపోతుంది.

అయినా ఇలాంటి ప్యాడ్ పెడితే కొద్ది డిగ్రీల తేడా చాలామందికి వస్తుంది, రెండో మూడో నాలుగో. అందులో పెద్ద వాటా ఫ్యాన్లది కాదు, ఎత్తుది. ల్యాప్‌టాప్ కింద రబ్బరు కాళ్లు కొద్ది మిల్లీమీటర్ల ఎత్తే ఉంటాయి, ఆ సందులోంచే లోపలి ఫ్యాన్ గాలి మొత్తం లాక్కోవాలి. వెనక వైపు రెండు మూడు సెంటీమీటర్లు లేపితే దానికి ఊపిరి ఆడుతుంది. కావాలంటే ప్యాడ్ ఉన్నవాళ్లెవరైనా దాని ఫ్యాన్లు ఆపేసి ఒకసారి, నడిపి ఒకసారి చూడండి, ల్యాప్‌టాప్ అదే ఎత్తులో ఉంటుంది కాబట్టి ఫ్యాన్ల వల్ల వచ్చిందెంతో విడిగా తెలిసిపోతుంది. రెండు సీసా మూతలో, ఒక లావు పుస్తకమో బెజ్జాలకి అడ్డం రాకుండా వెనక పెట్టుకున్నా ఆ ఎత్తు పైసా ఖర్చు లేకుండా వస్తుంది. పరుపు మీద, దిండు మీద, ఒళ్లో చున్నీ మీద పెట్టుకుని వాడేవాళ్లకి ఏ గట్టి పలక వేసినా పెద్ద తేడా కనిపిస్తుంది, అలాంటివాళ్లే "ప్యాడ్ అద్భుతం" అని రాస్తుంటారు.

రెండో రకం వేరు. ఇవి ల్యాప్‌టాప్ అడుగుకీ ప్యాడ్‌కీ మధ్య చుట్టూ ఫోమ్ పట్టీ వేసి గాలి పక్కలకి పోకుండా మూసేస్తాయి, లోపల వేగంగా తిరిగే టర్బో ఫ్యాన్ ఉంటుంది, దానికి విడిగా అడాప్టర్ ఉంటుంది. ఐఈటీఎస్, లానో లాంటి కంపెనీలు ఇలాంటివి చేస్తున్నాయి. గాలికి వేరే దారి లేక బెజ్జాల్లోంచే లోపలికి తోసుకుపోతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ అయి, అడుగున పెద్ద పెద్ద బెజ్జాలుంటే వీటితో పది డిగ్రీలు, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువ తగ్గడం నిజమే. పదిహేను డిగ్రీలు తగ్గిందని రాసినాయన దగ్గర ఉన్నది చాలావరకు ఇదే. కానీ ఫుల్ స్పీడులో ఇది చేసే చప్పుడుకి పక్కన ఎవరూ పడుకోలేరు, హాస్టల్ రూములో అయితే గొడవే. ఇంకోటి, ఇంత తోపుతో గాలి పంపేది దుమ్మునీ పంపుతుంది. ఫిల్టర్ జాలీ లేని మోడల్ అసలు కొనొద్దు, ఉన్నా దాన్ని తరచూ కడగాలి.

ప్యాడ్ దాదాపు ఏమీ చేయని ల్యాప్‌టాప్‌లూ ఉన్నాయి. కొన్ని మోడళ్లలో గాలి లోపలికి పోయేది కీబోర్డు సందుల్లోంచో పక్కల నుంచో, అడుగు అంతా మూసే ఉంటుంది. అలాంటప్పుడు కింద నుంచి వచ్చే గాలి తగిలేది ఉత్త పలకకే. ఆ పలక ప్లాస్టిక్ అయితే ఇంకా దండగ, అల్యూమినియం వేడిని ప్లాస్టిక్ కన్నా వందల రెట్లు బాగా బయటికి పంపుతుంది. ఫ్యాన్ అసలే లేని, 2020 చివరి నుంచి వస్తున్న ఎం సిరీస్ మ్యాక్‌బుక్ ఎయిర్‌లకి లోహపు ఒళ్లే రేడియేటర్ కాబట్టి అడుగున గాలి ఆడితే ఎక్కువసేపు నడిచే పనుల్లో కొంత మేలు ఉంటుంది, మామూలు బ్రౌజింగ్‌కి ఏ తేడా తెలియదు.

ఇక్కడ ప్యాడ్ పక్షాన ఒక మాట చెప్పాలి. లోపలి ఫ్యాన్ చూసుకునేది ముఖ్యంగా ప్రాసెసర్‌నీ గ్రాఫిక్స్ చిప్‌నీ. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, బ్యాటరీ లాంటివి చాలా ల్యాప్‌టాప్‌లలో అడుగు పలకకి ఆనుకుని ఉంటాయి, వాటికి సొంత కూలింగ్ అంటూ పెద్దగా ఏమీ ఉండదు. ప్యాడ్ గాలి వాటికి తగులుతుంది. చిప్ నంబరులో రెండు డిగ్రీలే తగ్గినా అడుగు భాగం చేతికి తెలిసేంత చల్లబడటానికి కారణం ఇదే. గంటలకొద్దీ ఒళ్లో పెట్టుకునేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు, ల్యాప్‌టాప్ వేడికి తొడల మీద చర్మం వల వేసినట్టు ఎర్రగా, గోధుమ రంగుగా మారడం డాక్టర్లకి తెలిసిన సమస్యే.

ఇప్పుడు అన్నిటికన్నా చిక్కుముడి. చాలామంది ప్యాడ్ పెట్టి ఉష్ణోగ్రత చూస్తారు, ముందూ 95, ఇప్పుడూ 95, "ఏం పని చేయలేదు" అని తిరిగి పంపిస్తారు. ఆ 95 అన్నది ప్రాసెసర్ తనకి తాను పెట్టుకున్న హద్దు. హద్దు దగ్గర నడుస్తున్న మెషీన్‌కి మీరు కొంచెం ఎక్కువ కూలింగ్ ఇస్తే అది ఉష్ణోగ్రత తగ్గించదు, ఆ దొరికిన సందులో వేగం పెంచుకుంటుంది. ముందు 2.6 గిగాహెర్ట్జ్ దగ్గర 95 ఉన్నది ఇప్పుడు 2.9 దగ్గర 95 ఉండొచ్చు. పని త్వరగా అవుతుంది, నంబరు మాత్రం కదలదు. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. హద్దుకి దూరంగా ఉన్న మెషీన్‌లో ప్యాడ్ పెడితే లోపలి ఫ్యాన్ "ఇంక నేను ఇంత తిరగక్కర్లేదు" అన్నట్టు నెమ్మదిస్తుంది, ఉష్ణోగ్రత మళ్లీ అక్కడికే వస్తుంది, చప్పుడు తగ్గుతుంది. కాబట్టి ఉష్ణోగ్రత, వేగం, ఫ్యాన్ చప్పుడు, ఈ మూడూ కలిపి చూడాలి. ఒక్కటే చూసి తీర్పు ఇస్తే ప్యాడ్‌కి అన్యాయం జరుగుతుంది, లేదంటే మీ జేబుకి.

ఇంట్లోనే చూసుకోవచ్చు, పెద్ద విద్య కాదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, సెన్సర్స్ తెరిస్తే ప్రాసెసర్ ఉష్ణోగ్రత, వేగం, ఇంటెల్ అయితే థర్మల్ థ్రాట్లింగ్ అవును, కాదు అని చెప్పే వరసా కనిపిస్తాయి. ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టి స్కోరు ఇచ్చే సాఫ్ట్‌వేర్ సినీబెంచ్ ఆర్23లో పది నిమిషాల పరీక్ష ఉంటుంది, అది పెట్టండి. అరగంట తేడాతో గది చల్లబడినా వేడెక్కినా ఫలితం చెడిపోతుంది, కాబట్టి పక్కన గది థర్మామీటర్ తప్పకుండా ఉండాలి, అన్ని పరీక్షలూ ఛార్జర్ పెట్టే చేయాలి, పవర్ మోడ్ మార్చకూడదు. మొదట బల్ల మీద మామూలుగా, తర్వాత వెనక లేపి, ప్యాడ్ దొరికితే దాని మీద. రెండింటి మధ్య మెషీన్‌ని పూర్తిగా చల్లారనివ్వాలి. స్కోరు పెరిగిందా, థ్రాట్లింగ్ పోయిందా చూడండి. అసలు ఏ పరీక్షలోనూ 80 దాటకపోతే, థ్రాట్లింగ్ లేకపోతే మీకు ప్యాడ్ అవసరమే లేదు. చేతికి వేడి తగిలిందంటే వేడి బయటికి వస్తోందనే, టెన్షన్ పడాల్సిన పని లేదు.

వెనక లేపినా, గది చల్లబరిచినా నంబరు కదలడం లేదంటే అడ్డం లోపలే ఉంది. మన ప్రాంతంలో ఇది చాలా ఎక్కువ, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. వరంగల్ చుట్టూ పత్తి, ఎనుమాముల మార్కెట్, జిన్నింగ్ మిల్లులు. కరీంనగర్ వైపు గ్రానైట్ దుమ్ము. గోదావరిఖని, మంచిర్యాల వైపు బొగ్గు దుమ్ము. మా పిన్ని కొడుకు ల్యాప్‌టాప్ ఒకటి, వాళ్లిల్లు మార్కెట్‌కి దగ్గరే, గేమ్ తెరిస్తే చాలు ఆగి ఆగి నడిచేది. వాడు ప్యాడ్ కొన్నాడు, లాభం లేదు. సర్వీస్ షాపులో అడుగు పలక విప్పిస్తే ఫ్యాన్ రెక్కలు చూడ్డానికి బాగానే ఉన్నాయి, ఫర్వాలేదనిపించింది. ఫ్యాన్ మూత కూడా తీశాక, ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య, బయట నుంచి ఎటు చూసినా కనపడని చోట, దూది నూగూ దుమ్మూ కలిసి చిన్న పరుపులా పేరుకుని ఉంది. ఆ అబ్బాయి ట్వీజర్‌తో ఒక అంచు పట్టి లాగితే మొత్తం ఒకే పట్టీగా, రేకుల గీతలు దాని మీద అచ్చు పడి, ఊడి వచ్చింది. గాలి పోవడానికి సందు ఎక్కడుంది మరి? పాత పేస్ట్ తుడిచి కొత్తది పెట్టారు, అదే గేమ్ అదే గదిలో ఆగకుండా నడిచింది. ఆ పట్టీ ఉన్నంతకాలం కింద ఎంత గాలి కొట్టినా రేకుల దాకా చేరేది కాదు.

బ్లోయర్‌తో మీరే శుభ్రం చేసుకుంటే ఒక జాగ్రత్త. ఫ్యాన్ రెక్కని పుల్లతోనో వేలితోనో కదలకుండా పట్టుకుని కొట్టండి. వదిలేస్తే అది మామూలు కన్నా విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ చెడిపోతుంది. మిషన్ ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి చేయాలని వేరే చెప్పక్కర్లేదు. పేస్ట్ అయితే ఏళ్ల మీద ఎండిపోతుంది, వేడెక్కీ చల్లారీ పక్కలకి జారిపోతుంది కూడా, మూడు నాలుగేళ్ల మెషీన్ అయితే శుభ్రం చేయించేటప్పుడే అది కూడా మార్పించండి. వారంటీ ఉంటే మాత్రం కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే.

సెట్టింగులతో కూడా చాలా పని అవుతుంది. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి 100 శాతం ఉన్నదాన్ని 99 చేస్తే చాలా మెషీన్లలో టర్బో, అంటే ప్రాసెసర్ కాసేపు మామూలు వేగం కన్నా పైకి పోవడం, ఆగిపోతుంది. వేగం కొంత తగ్గుతుంది, వేడి మాత్రం బాగా దిగుతుంది. ఆన్‌లైన్ క్లాసు, ఎక్సెల్, జూమ్ మీటింగ్ చేసుకునేవాళ్లకి ఆ వేగం తేడా తెలియనే తెలియదు. ఎండాకాలం మూడు నెలలూ ఇలా పెట్టుకోండి అని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను. ప్రాసెసర్‌కి అందే వోల్టేజ్ తగ్గించే పద్ధతి ఇంకా మంచిది, కానీ 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో కంపెనీలు ఆ దారి మూసేశాయి. మీదాంట్లో తెరిచి ఉంటే అదృష్టమే.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది ప్రాసెసర్ వేడి కాదు, బ్యాటరీ. ప్రాసెసర్ తనని తాను కాపాడుకోగలదు, అలా కాపాడుకునేలాగే చేశారు. లిథియం అయాన్ బ్యాటరీ వేడిని ఓర్చుకోలేదు. వీటిని ఛార్జ్ చేయడానికి సాధారణంగా చెప్పే పై హద్దు 45 డిగ్రీలు. గదే 41 ఉంటే, పక్కనే ప్రాసెసర్ మండుతుంటే, బ్యాటరీ ఆ హద్దు దాటడానికి ఎంతసేపు? కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆ వేడికి ఛార్జింగ్ ఆపేస్తాయి, ఛార్జర్ పాడైందని కొత్తది కొనేస్తారు జనం. ఫుల్ ఛార్జ్‌లో, వేడిలో, నెలల తరబడి ఉంచితే బ్యాటరీ ఆయువు త్వరగా పడిపోతుంది, ఉబ్బుతుంది కూడా. టచ్‌ప్యాడ్ నొక్కితే గట్టిగా ఉన్నా, కొంచెం పైకి లేచినట్టున్నా, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతున్నా వాడటం ఆపేసి వెంటనే చూపించండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం, ఇంకొన్నాళ్లు నడుస్తుందిలే అని ఛార్జ్ పెట్టడం వద్దు, నిప్పు అంటుకోవచ్చు. ఎప్పుడూ ఛార్జర్ పెట్టే వాడేవాళ్లు కంపెనీ యాప్‌లో ఛార్జింగ్ హద్దు 80 శాతానికి పెట్టుకోవాలి, చాలా బ్రాండ్లలో ఇప్పుడు ఆ సదుపాయం ఉంది. ఎండలో నిలబెట్టిన కారులో ల్యాప్‌టాప్ వదిలేసి పెళ్లికి వెళ్లడం ఇంకా ప్రమాదం, ఏ ప్యాడూ దాన్ని బాగుచేయలేదు.

ఇంతా చేశాక, గది చూసుకుని, వెనక లేపి, లోపల శుభ్రం చేయించి, అప్పటికీ గేమింగ్‌లోనో వీడియో ఎడిటింగ్‌లోనో త్రీడీ పనిలోనో థ్రాట్లింగ్ పోలేదంటే అప్పుడు ఫోమ్ పట్టీ ఉన్న ప్యాడ్ కొనండి, డబ్బుకి న్యాయం జరుగుతుంది. మామూలు ప్యాడ్ కొనాలనుకుంటే దాన్ని స్టాండ్ లెక్కన కొనండి, ఎత్తు ఎంత లేస్తుందో, పలక గట్టిగా ఉందో చూసి. ఏది కొన్నా ముందు ల్యాప్‌టాప్ తిరగేసి బెజ్జాలెక్కడున్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ప్యాడ్ ఫ్యాన్లు సరిగ్గా వాటి కిందికే రావాలి, ఫోమ్ పట్టీ అయితే వాటన్నిటినీ చుట్టుకోవాలి. వేడి గాలి బయటికి వచ్చే బెజ్జం పట్టీ లోపల పడితే ఆ వేడి గాలే మళ్లీ లోపలికి పోతుంది. ఫ్యాన్లు పైకి ఊదేవే తీసుకోండి, కిందికి లాగే రకం ల్యాప్‌టాప్ ఫ్యాన్‌తోనే పోటీ పడుతుంది. వెనక గోడకి జానెడు దూరం వదలండి. ప్యాడ్ యూఎస్‌బీ వైరు ల్యాప్‌టాప్‌కి కాకుండా పాత ఫోన్ ఛార్జర్‌కి పెట్టండి, ఆ నాలుగు వాట్లైనా మెషీన్ మీద భారం తగ్గుతుంది, ఒక పోర్టు కూడా మిగులుతుంది. కొన్న వారంలోపే, రిటర్న్ గడువు ఉండగానే, పైన చెప్పిన పరీక్ష మధ్యాహ్నం రెండు గంటలకి పెట్టి చూడండి. ఏసీ షోరూములోనో పొద్దున్నే చల్లపూటో చూసినది మన మే నెలకి లెక్కలోకి రాదు.